ఉప్పు మరిచిన సద్ది

నా చిన్నప్పుడు నేను బస్సు కంటే ముందు సిద్దిపేట చేరేవాణ్ణి. మిరుదొడ్డి పోయే దారిలో మా ఊరు. అక్కడ బస్సు కదిలేటప్పుడే నేనూ పుస్తకాల సంచీ భుజాన వేసుకుని కదిలేవాణ్ణి. అది పేటలో ఆగి జనం దిగేసరికి నేను బడి గోడ మీద కూర్చుని కాళ్లు ఊపుతూ ఉండేవాణ్ణి. కోమటిచెరువు కట్ట మీదికి పొద్దున్నే నడవడానికి వచ్చే వాళ్లలో ఈ మాట నా నోట విననివాడు లేడు. చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే కుర్రాళ్లు ఆయాసపడుతూ నా పక్కకు చేరి, "తాతా, నువ్వేం తింటవు, ఏం కసరత్తు జేస్తవు, జెర మాకు గూడ చెప్పరాదే" అని అడుగుతారు. నాకు డెబ్బై నాలుగు నిండాయి. కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా కూర్చోకుండా నడుస్తాను. అటువంటివాణ్ణి అడిగితే చెప్పకుండా ఎట్లా ఉంటాను. చెబుతాను, కొంచెం కలిపి చెబుతాను.

ఇక్కడ మాత్రం కలపకుండా రాద్దామని కూర్చున్నాను. ఎంతవరకు సాగుతుందో చూడాలి.

ఆరో తరగతిలో ఉన్నప్పుడు చలికాలంలో నాకు పెద్ద జ్వరం వచ్చింది. అప్పట్లో మోతీజ్వరం అనేవారు, ఇప్పుడు టైఫాయిడ్ అంటున్నాం. పేట దవాఖానలో మందులిచ్చారు. ఇరవై రోజులకు జ్వరం దిగింది. దిగిందని అందరూ నమ్మారు గానీ మా అమ్మ నమ్మలేదు. మా అందరికంటే ముందు పుట్టిన అన్నను ఆమె ఇదే జ్వరానికి పోగొట్టుకుంది. వాడికి తగ్గిందనుకుని తిరగనిచ్చారట, దొరికిందల్లా తిననిచ్చారట, మళ్లీ పడ్డవాడు లేవలేదట. అందుకని నాకు గట్టి పత్యం పెట్టింది. మంచం దిగకూడదు. ఎండ పొడ తగలకూడదు. పాత బియ్యంతో మెత్తగా వండిన అన్నం, పెసరకట్టు తప్ప ఇంకేదీ నోట పెట్టకూడదు. అట్లా నలభై రోజులు.

పత్యమంటే శిక్ష అనుకుంటారు. మా ఇంట్లో అది పండగ. ఆ రోజుల్లో మాకు వరి అన్నం చుట్టం వస్తేనో, పండగొస్తేనో. తక్కిన రోజులన్నీ జొన్న గటక. జొన్నలు విసిరి, ఆ రవ్వను ఉడకబెట్టి, ముద్ద కట్టేదాకా తెడ్డుతో తిప్పితే గటక అవుతుంది. అందులో సల్ల, అదే మజ్జిగ, పోసుకుని ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినాలి. ఇంటిల్లిపాదీ అది తింటుంటే నేనొక్కణ్ణే మంచం మీద దిండుకు ఆనుకుని తెల్లటి అన్నం తినేవాణ్ణి. నాకంటే మూడేళ్లు పెద్దదైన మా అక్క నా గిన్నె వైపు చూసేది. నేను ఇంకా నెమ్మదిగా నమిలేవాణ్ణి.

అందుకే నలభై రోజులు కాస్తా మూడు నెలలయ్యాయి. ఇందులో అమ్మ తప్పు ఏమీ లేదు. మా ఇంటి పడమటి గోడ సాయంత్రానికి పెనంలా కాలేది. అమ్మ చేని నుంచి వచ్చే అలికిడి కాగానే నేను దొంగలా లేచి ఆ గోడకు నుదురు ఆనించి నిలబడి, మళ్లీ వచ్చి దుప్పటి కప్పుకునేవాణ్ణి. అమ్మ చెయ్యి పెట్టి చూసి, కాక ఇంకా తగ్గలేదని దిగులుపడి, మర్నాటి నుంచి పత్యం మళ్లీ ఒకటో రోజుగా లెక్కపెట్టేది. సంగతి కనిపెట్టింది అక్క ఒక్కతే. "జరం వానికి రాలే అమ్మా, గోడకొచ్చింది" అని చెప్పి వీపు మీద దెబ్బ తిన్నది. రోగిష్టి పిల్లవాడి మీద చాడీలు చెప్పకూడదన్నది అమ్మ న్యాయం.

ఒక మధ్యాహ్నం మా వాడకట్టులోకి కోతులు దిగాయి. పక్కింటి కప్పు పెంకులు తీసి విసురుతున్నాయని ఒకటే గోల. చూడాలని మంచం మీద నుంచి దూకి ఉరికాను. గడప దాటేసరికి మోకాళ్లు వంగిపోయి అక్కడే కూలబడ్డాను. లేవబోతే తొడలు వణికాయి. గడప పట్టుకుని, గోడ పట్టుకుని మంచం చేరాను. కోతుల సంగతి మరచిపోయాను. మూడు నెలలుగా నేను నటిస్తున్న రోగం ఎప్పుడు నిజమైందో నాకే తెలియలేదు. కూర్చుని తిన్న తిండి పొట్టకు పట్టింది, కాళ్లు మాత్రం వెదురుపుల్లలైనాయి.

ఆ రాత్రి తిండి దగ్గర బాపు, అంటే మా నాన్న, అమ్మతో అన్న మాటలు విన్నాను. "వానకాలం బడి తెరిచేదాంక సూద్దాం. గప్పటికి నడిస్తె సరే. నడువకుంటె బడి బందు వెట్టి కుట్టుపని మామ దగ్గర కూసోవెడ్త. కూసునుడు వానికి మంచిగనే వస్తది." మరి పిల్ల సంగతేమిటని అమ్మ అడిగింది. "తమ్ముడు లేంది అదొక్కతే గంత దూరం ఎట్ల పోతది? దానిది గూడ బందే" అన్నాడు బాపు. కోపంగా అనలేదు. రేపు ఏ మడికి నీళ్లు పెట్టాలో చెప్పినట్టు చెప్పాడు. మా ఇద్దరి బడి పేటలో ఉంది, నేను మంచం పట్టినప్పటి నుంచి అక్క కూడా పోవడం లేదు. రాను పోను మూడు కోసుల నడక, అంటే ఆరు మైళ్లు. రోజూ బస్సెక్కే ఇల్లు కాదు మాది.

కుట్టుపని మామ అంటే మా ఊళ్లో బట్టలు కుట్టే పెద్దమనిషి. ఆయన గజం కర్ర బట్టల కంటే పిల్లల వీపులనే ఎక్కువ కొలిచేదని పేరు. ఉన్న మాట చెబుదామంటే గోడ సంగతి బయటపడుతుంది. చెప్పినా ఇప్పుడు కాళ్లు వినవు. అక్క ఆ పూట ఏం తిన్నదో, తిన్నదో లేదో నాకు గుర్తు లేదు. నా భయంలో నేనున్నాను.

ఇంతలో ఎండాకాలం సెలవులొచ్చాయి. బాపు, అమ్మ పొద్దు పొడవకముందే బావి కాడి మిరపతోటకు పోయేవారు. ఇంటి దగ్గర నాయినమ్మ గటక వండి, సద్ది కట్టేది. ఒక గంపలో గటక ముద్దలు, సల్ల ముంత, ఉల్లిగడ్డలు, కారం, ఉప్పు సర్దితే అక్క నెత్తిన పెట్టుకుని తోటకు తీసుకుపోయేది. ఒకరోజు అక్క పోయిన కాసేపటికి నాయినమ్మ పొయ్యి దగ్గర నుంచి గొణుక్కుంటూ వచ్చింది. ఆమె చేతిలో చిన్న గుడ్డ మూట.

"నా మతి మండ, ఉప్పు గీడనే ఉండె. ఉప్పు లేంది మీ బాపు గటక ఎట్ల మింగుతడు?"

నేను కళ్లు మూసుకున్నాను. ఆమె మంచం దగ్గరికే వచ్చి నిలబడింది. "నేను పోయేసరికి పొద్దు గూకుతది బిడ్డా. నువ్వు పోరాదు, మెల్లగ."

"అమ్మ తిడ్తది."

"తిడితె నా పేరు జెప్పు. నన్ను తిట్టుమను సూద్దాం."

మొదటి రోజే ఉరికిపోయి బాపు నోట్లో ముద్ద పెట్టుకునే లోపల ఉప్పు అందించానని నా మనవలకు చెప్పాను. అబద్ధం. ఊరు దాటి, కల్లాలు దాటి, వాగు దాటితే మా బావి. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడికి పావుగంట నడక. నేను కల్లాల దాకా పోయి, ఒక గడ్డివాము నీడన కూలబడి ఏడ్చాను. ఎంతసేపు ఏడ్చానో, అక్క తిరిగి వస్తూ నన్ను చూసింది. నా చేతిలో మూట లాక్కుని మళ్లీ తోటకు పరుగెత్తింది. ఉప్పు చేరేసరికి బాపు సగం తిని, తక్కింది పక్కకు నెట్టేసి మోట తోలడానికి లేచాడట. సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తి రెండు తిట్టినా బాగుండేది. ఎద్దులతో సమానంగా పనిచేసే మనిషి నా వల్ల అరకడుపుతో మోట తోలాడని నేను పక్క మీద దొర్లాను.

రెండు రోజులకు నాయినమ్మ కారం మరిచింది. ఆ మర్నాడు మళ్లీ ఉప్పే. ఈసారి గడ్డివాము దాటాను. ఇంకోసారి వాగు గట్టు దాకా పోయి, ఎదురొచ్చిన అక్క చేతిలో పెట్టాను. ఎక్కడ ఆగిపోయానో మర్నాడు అక్కడి నుంచి ఇంకొంచెం ముందుకు పోవాలని నాకు నేనే పంతం పెట్టుకున్నాను. కాళ్లు నొప్పి పుట్టేవి. రాత్రి నాయినమ్మ ఆముదం రాసి పిక్కలు పిసికేది. పొద్దున్నే మళ్లీ ఏదో ఒకటి మరిచేది.

పది పదిహేను రోజులకు ఉప్పు మూటతో బావి చేరాను. నన్ను చూసి అమ్మ చేతిలోని కొడవలి కింద పడేసి ఉరికొచ్చింది. పదకొండేళ్లవాణ్ణి చంకనెత్తుకోబోయింది. ఎండలో ఎందుకొచ్చావని, నిన్ను పంపిన ఆ ముసలిదాని పని చెబుతానని ఏడుస్తూ తిట్టింది. బాపు గట్టు మీద కూర్చుని ఉత్త గటక ముద్ద చేతిలో పట్టుకుని చూస్తున్నాడు.

"ఉప్పు దెచ్చినోన్ని తిడ్తవేందే. వానికింత గటక వెట్టు."

"వాడు పత్తెం మీదున్నడు."

"నడిచొచ్చినోనికి ఏం పత్తెం? వెట్టు."

అమ్మ పెట్టలేదు. బాపే తన ముద్ద చీల్చి మోదుగాకులో వేసి, సల్ల పోసి, నేను తెచ్చిన ఉప్పు చల్లి నా ముందు పెట్టాడు. అమ్మ అటు తిరిగి కూర్చుంది. నేను తిన్నాను. మూడు నెలలుగా నేను తెల్లటి అన్నం తిన్నాను గానీ ఆకలేసి తినలేదు. వేళకు గిన్నె వచ్చేది, నమిలేవాణ్ణి. ఆ రోజు బావి గట్టున నా కడుపులో ఏదో మంట లేచి ఆ ముద్దను పిలిచింది. ఉల్లిగడ్డ ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లొచ్చాయి. ఇంకో ముద్ద అడిగాను. అమ్మ ఇటు తిరిగి తన వంతులోంచి తీసి పెట్టింది. ఆ సాయంత్రం నేను పడమటి గోడ జోలికి పోలేదు. అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టింది, చల్లగా ఉందన్నది. అప్పటి నుంచి పత్యం లెక్క ఆపేసింది.

ఆ తర్వాత నాయినమ్మ మతిమరుపు ముదిరింది. ఒక్కో రోజు ఉప్పు తీసుకుపోయి వచ్చేసరికి ఉల్లిగడ్డలు మిగిలి ఉండేవి. తొలకరి రెండు మూడు రోజుల్లో ఉందనగా ఒకనాడు మూడుసార్లు పోయి వచ్చాను. ఉప్పుకు ఒకసారి, ఉల్లిగడ్డకు ఒకసారి, మిరపకాయల తొక్కుకు ఒకసారి. మూడోసారి నన్ను చూసి బాపు తినడం ఆపాడు.

"ఇయ్యాల ఎన్నోసారి రా వచ్చుడు?"

"మూడోసారి బాపు."

"యాడన్న కూసున్నవా?"

"కూసోలే."

రెండోసారి వాగు దగ్గర బండ మీద కూర్చున్నాను. కాసేపు పడుకున్నాను కూడా. ఆ మాట బాపుకు ఎన్నడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఆయన నా కాళ్ల వైపు చాలాసేపు చూశాడు. ఎద్దును కొనేవాడు చూసినట్టు చూశాడు. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, "పుస్తకాలు సదురుకోన్రి ఇద్దరు. బడి తెరిచినంక పోదురు" అన్నాడు. అమ్మ వద్దనలేదు. అక్క గంప అక్కడే వదిలేసి ఇంటి వైపు ఒకటే ఉరుకుడు. దానికంత తొందరేమిటో నాకు తట్టలేదు. నేను ఇంకో ముద్ద అడిగే పనిలో ఉన్నాను.

వానలు పడ్డాయి, బడి తెరిచారు, మూడు కోసులూ నడిచాం. బస్సు సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. బస్సు కంటే ముందు పేట చేరిన మాట నిజమే, కానీ ఒకే ఒక్కసారి. ఆ రోజు బస్సు చక్రం పగిలి మా ఊరు దాటగానే నిలిచిపోయింది. మేము దాని పక్క నుంచి నడిచిపోయాం. ఉరకడం కూడా కాదు, మామూలు నడకే. అక్క ముందు, నేను వెనక.

నాయినమ్మ మీద నాకు అనుమానం వచ్చింది కొన్నేళ్ల తర్వాత. ఊళ్లో ఏ బర్రె ఏ వారం ఈనిందో చెప్పగల మనిషి ఆమె. ఎవరి పెళ్లిలో ఎవరు అలిగి తినకుండా పోయారో పూస గుచ్చినట్టు చెప్పేది. అటువంటి మనిషి ఉప్పు ఎట్లా మరుస్తుంది? పైగా బడి తెరిచిన తర్వాత ఆమె సద్దిలో ఏదీ మరిచిన దాఖలా లేదు. ఒకసారి అడిగాను, కావాలనే మరిచావా అని. ఆమె పళ్లు లేని నోటితో పడీ పడీ నవ్వింది. అవుననలేదు, కాదనలేదు. అదే జవాబని నేను అనుకున్నాను. నడువు అని ఒక్కసారి కూడా చెప్పకుండా నన్ను నడిపించింది. తిను అని బతిమాలకుండా ఆకలి పుట్టించింది. ఏ దవాఖానలోనూ దొరకని వైద్యం చేసిందని అప్పటి నుంచి అందరికీ చెబుతూ వస్తున్నాను.

ఆ ఎండాకాలం నుంచి నాకు అంటుకున్న అలవాటు ఒకటుంది. నేను బజారుకు పోతే అన్నీ ఒకేసారి తేను. పొద్దున కట్ట మీద నడక అయ్యాక ఉప్పుకు ఒకసారి పోతాను. గంటాగి ఉల్లిగడ్డలకు పోతాను. సాయంత్రం కొత్తిమీరకు పోతాను. కళ్లద్దాలు మేడ మీద పెట్టి కింద కూర్చుంటాను. మా కోడలు తల పట్టుకుంటుంది. "ఫోన్ల జెప్తె ఇంటికే తెస్తరు గదా మామా, గీ ఉప్పుకొకసారి పప్పుకొకసారి తిరుగుడేంది?" అంటుంది. నేను నవ్వి చెప్పులేసుకుంటాను. ఇంటికే తెచ్చిస్తే నాకు ఆకలి ఎవరు తెచ్చిస్తారు? ఆకలి లేనప్పుడు పెండ్లి విందైనా ముట్టను. సాయంత్రం పొద్దుండగానే జొన్నరొట్టె, పుంటికూర తిని, వీధి చివరి దాకా నడిచి వచ్చి పడుకుంటాను. కట్ట మీది కుర్రాళ్లకు ఈ ముక్క చెబితే, ఇంత చిన్న సంగతా అని మొహం చిన్నబుచ్చుకుంటారు. అందుకే బస్సు కథ కలుపుతుంటాను.

షుగరు లేదని కూడా వాళ్లతో అన్నాను. ఉంది. పదేళ్లుగా పొద్దున ఒక గోళీ వేసుకుంటున్నాను. కొత్తిమీరకు పోయినప్పుడు మిరపకాయ బజ్జీ బండి ముందు నా కాళ్లు వాటంతటవే ఆగుతాయి. వారానికి ఒకసారి అని చెబుతాను గానీ రెండుసార్లు. అయినా డాక్టరు నా కాగితాలు చూసి, ఎట్ల నడుస్తున్నరో అట్లనే నడువున్రి అని పంపించేస్తాడు. నన్ను నిలబెట్టింది గోళీ ఒక్కటే కాదని ఆయనకూ తెలుసు. ఇది మాత్రం కలిపింది కాదు.

ఇదంతా రాసి, అచ్చుకు పంపే ముందు అక్కకు చదివి వినిపించాను. మాకు రెండు వీధుల అవతల ఉంటుంది. పేట బళ్లలో ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన పంతులమ్మ. కళ్లు మూసుకుని చివరిదాకా వింది. బాగుందనో, నాయినమ్మ గుర్తొచ్చిందనో అంటుందని నేను కాగితాలు మడుస్తూ ఎదురుచూశాను. కళ్లు తెరిచి, తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"నాయినమ్మకు మతిమరుపూ లేదు, నువ్వు రాసిన తెలివీ లేదు. ఆమె రోజు ఉప్పు, కారం, ఉల్లిగడ్డ అన్ని సక్కగనే పెడుతుండె. గంప ఎత్తుకునేటప్పుడు నేనే తీసి పొయ్యెనక దాస్తుంటి. తోట కాడ ఉప్పేదని బాపు తిట్టిన తిట్లన్ని నేనే వడ్డ. నువ్వు నడువకుంటె నన్ను బడికి తోలరని జేసిన. కొట్టేసి మల్ల రాయి."